గోడమీది కాగితం

మా చర్చి ప్రహరీ గోడకి లోపలివైపు, చెప్పులు విడిచే చోటుకి ఎదురుగా ఒక చెక్క నోటీసు బోర్డు ఉంది. ఆదివారం ఆరాధన వేళలు, స్త్రీల సమాజం కూడికలు, పెళ్ళి ప్రకటనలు దానిమీద అంటిస్తారు. 2017 మొదట్లో తొమ్మిది వారాలపాటు, ప్రతి శనివారం సాయంత్రం నేను కూడా దానిమీద ఒక కాగితం అంటించాను. పన్నెండు మంది కుర్రాళ్ళ పేర్లు, పేరు పక్కన నాలుగు గడులు, చివర మొత్తం, ఆ మొత్తాన్ని బట్టి వరుస సంఖ్య. బ్యాంకులో అప్పటికి పాతికేళ్ళుగా లెక్కలు రాస్తున్న చెయ్యి కాబట్టి గీతలు తిన్నగానే వచ్చేవి. ఆ కాగితం సంగతి చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మా చర్చి ఆవరణలో బాస్కెట్‌బాల్ కోర్టు ఉందంటే బరంపురంలోనే చాలామంది నమ్మరు. మన ఊళ్ళో కోర్టు అంటే కోర్టుపేట. ఆటలంటే క్రికెట్, లేదా బరువులెత్తడం. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కె. రవికుమార్ మన ఊరివాడే కదా. రాష్ట్రం మొత్తం మీద చూస్తే హాకీ. సుందర్‌గఢ్ పిల్లలు కర్ర పట్టుకునే పుడతారని అంటారు. వీటి మధ్య బాస్కెట్‌బాల్ ఎవరికి కావాలి? మా కోర్టు కూడా గొప్పదేమీ కాదు. సగం సిమెంటు, సగం పెచ్చులు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు రెండు స్తంభాల్లో ఒకటి వంగి నేలకి తల ఆనించింది. తెల్లారి చూస్తే ఎవరో సాష్టాంగపడినట్టుంది. చర్చి పైకప్పు రేకులు, పాస్టరు గారి ఇల్లు, ఆవరణలో పడిపోయిన చెట్లు అన్నీ అయ్యాక ఆ స్తంభం వంతు వచ్చేసరికి రెండేళ్ళు పట్టింది. అది మళ్ళీ లేచిన రోజు నుంచి నేను కోచ్‌ని. నాకంటే బాగా ఆడగలిగినవాడు మా సంఘంలో మరొకడు లేకపోవడమే నాకున్న అర్హత.

హైస్కూల్లో నాకు ఈ ఆట నేర్పిన డ్రిల్లు మాస్టారు మద్రాసు వై.ఎం.సి.ఏ. కాలేజీలో శిక్షణ పొందినవారు. ఆ కాలేజీని 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ స్థాపించారు. 1924లో పారిస్ ఒలింపిక్సుకి మన దేశపు జట్టును వెంటబెట్టుకు వెళ్ళిందీ ఆయనే. గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు రాజధానిలోదే కాబట్టి, మన పెద్దల కాలంలో ఉద్యోగానికీ చదువుకీ కోర్టు తగాదాకీ మద్రాసే దిక్కు. కవాతుకీ అదే దిక్కై ఉంటుంది. మా మాస్టారు బంతి చేతికిచ్చే ముందు ప్రతిసారీ ఒక మాట చెప్పేవారు, ఈ ఆటను కనిపెట్టినవాడు దైవశాస్త్రం చదువుకున్నవాడని. అప్పట్లో మాకు ఆ మాట పట్టలేదు. బంతి ఎప్పుడిస్తారా అనే చూసేవాళ్ళం.

ఆయన పేరు జేమ్స్ నెయిస్మిత్. 1861లో కెనడాలోని ఒంటారియోలో పుట్టారు. మన వైపు కాకినాడ నుంచి శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడి దాకా సువార్త తెచ్చిన బాప్టిస్టు మిషనరీలు కూడా కెనడావాళ్ళే అని గుర్తుకొస్తే నాకు ఆ ఆటమీద కొంచెం చుట్టరికం పుట్టుకొస్తుంది. మాంట్రియల్‌లో దైవశాస్త్రం పూర్తి చేసి, ప్రసంగపీఠం ఎక్కకుండా అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. 1891 చలికాలంలో అక్కడ పద్ధెనిమిది మంది మొండి విద్యార్థులు. బయట మంచు, లోపల కవాతు. విసిగిపోయిన ఆ గుంపుకి గది లోపల ఆడదగ్గ ఆట ఏదైనా తయారు చెయ్యమని పైవారు ఆయనకు రెండు వారాల గడువిచ్చారు. మామూలు ఆటలను గదిలోకి తెస్తే కాళ్ళూ చేతులూ విరిగేట్టున్నాయి. ఆయన కూర్చుని ఆలోచించారు. బంతి పట్టుకుని పరిగెత్తడం వల్లనే కదా అవతలివాడు మీదపడి లాగుతున్నాడు, కాబట్టి బంతితో పరుగు కూడదు అన్నారు. గోలు ఎదురుగా నిలువునా ఉండటం వల్లనే కదా బలంకొద్దీ బాదుతున్నారు, కాబట్టి గోలుని పడుకోబెట్టి తలలకు పైన పెడదాం అన్నారు. చిన్నప్పుడు ఊళ్ళో బండమీది రాయిని రాయితో పడగొట్టే ఆట ఒకటి ఆడేవారట. అందులో గట్టిగా విసిరినవాడి కంటే, మెత్తగా పైకి ఎగరేసి దించినవాడిదే పైచెయ్యి అయ్యేదట. ఆ సంగతి ఆయనకు గుర్తొచ్చింది. పెట్టెలు కావాలని అడిగితే బిల్డింగు చూసుకునే మనిషి దగ్గర పెట్టెలు లేక పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెచ్చిచ్చాడు. వాటిని మేకులతో కొట్టిన బాల్కనీ అంచు నేల నుంచి 10 అడుగుల ఎత్తుంది. ఈనాటికీ రింగు ఎత్తు అదే. నియమాలు మొత్తం 13.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఆటలో బలం పనికిరాకుండా చెయ్యాలన్న ఉద్దేశం పుట్టుకలోనే ఉంది. పిల్లలు బంతిని రింగు మీదికి రాయిలా విసురుతుంటే నేను ఈ కథ చెప్పేవాణ్ణి. వాళ్ళు విని మళ్ళీ రాయిలాగే విసిరేవాళ్ళు.

2016 డిసెంబరులో ఛత్రపురంలో ఒక టోర్నమెంటుకి వెళ్ళాం. మూడు ఆటలు ఆడి మూడూ ఓడిపోయాం. ఆఖరిది 52–19. ఓడిపోవడం నాకు కొత్త కాదు గాని, తిరుగు ప్రయాణంలో బస్సులో జరిగింది నాకు మింగుడుపడలేదు. పిల్లలు పకోడీల పొట్లాలు పంచుకుంటూ పాటలు పాడుకుంటున్నారు. ఒక్కడి మొహంలోనైనా ఓడిన బాధ లేదు. మర్నాడు ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఎంతో ప్రేమగా, “బ్రదర్, మన పిల్లలు చాలా మర్యాదగా ఆడారట కదా” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మర్యాద అని ఆయన అన్నదానికి నా దగ్గరున్న పేరు బద్ధకం. చేతకానితనానికి వినయం అని పేరు పెట్టుకునే అలవాటు మా సంఘాల్లో కొంచెం ఎక్కువే. నేనూ అందులోవాణ్ణే కాబట్టి ఈ మాట అంటున్నాను.

ఆ క్రిస్మస్ సెలవుల్లో పట్టుబట్టి చదివాను. జాన్ వుడెన్ అనే ఆయన అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం జట్టుని 1964కీ 1975కీ మధ్య పదిసార్లు జాతీయ విజేతగా నిలబెట్టారు. గొప్ప విశ్వాసి. యుద్ధకాలంలో నౌకాదళంలో చేరేటప్పుడు తన పాస్టరు ఇచ్చిన చిన్న శిలువను ఆట నడుస్తున్నంతసేపూ జేబులో ఉంచుకునేవారు. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన చెప్పే మొదటి పాఠం మేజోళ్ళు ముడత లేకుండా ఎలా తొడుక్కోవాలో. ముడత పడితే బొబ్బ, బొబ్బ లేస్తే ఆట పోయినట్టే. ఆటగాళ్ళ దగ్గర గెలుపు అన్న మాట ఎత్తేవారు కాదట. ఇది చదివి నేను లోపల నవ్వుకున్నాను. పదిసార్లు గెలిచినవాడు గెలుపు మాట ఎత్తకపోయినా చెల్లుతుంది. మూడుకి మూడూ ఓడినవాడు ఎత్తకపోతే ఎలా?

ఇంకొకాయన డీన్ స్మిత్. నార్త్ కరోలినాలో 1961 నుంచి 1997 దాకా 879 ఆటలు గెలిపించినవారు. ఈయన కాన్సాస్‌లో ఫాగ్ అలెన్ అనే కోచ్ దగ్గర ఆడారు. ఆ అలెన్ స్వయంగా నెయిస్మిత్ శిష్యుడు. అంటే మన సంగీతం వాళ్ళు చెప్పుకున్నట్టు గురుపరంపర ఉంది. స్మిత్ గారి ప్రాక్టీసులో ప్రతి పనికీ లెక్క. శ్రద్ధగా చేసిన దానికి మార్కు పడేది. మార్కులు కూడబెట్టుకున్నవాడికి సాయంత్రం పరుగుల నుంచి మినహాయింపు దొరికేది. పోటీని ఆటరోజుకి దాచుకోకుండా రోజూ సాధనలోనే పెట్టడం ఆ పద్ధతి. బ్యాంకువాడికి ఇంతకంటే రుచించే సంగతి ఏముంటుంది? నాకు నచ్చిన సగాన్ని అందులోంచి ఏరుకుని తీసుకున్నాను.

జనవరి మొదటి శనివారం నుంచి గడులు పెట్టాను. మొదటిది పరుగు. రెండోది ఫ్రీ త్రోలు, ఇరవైకి ఎన్ని. మూడోది ఒకరితో ఒకరు తలపడే ఆటలో గెలుపులు. నాలుగోది రిబౌండ్లు. చివర్న రెండు జట్లుగా విడదీసి పది నిమిషాల ఆట. దాని ఫలితం కింద రాసేవాణ్ణి గాని మొత్తంలో కలిపేవాణ్ణి కాదు. ఎందుకంటే అది ఏ ఒక్కడి కష్టమూ కాదని అప్పటి నా అభిప్రాయం.

ఫలితం వారం తిరక్కుండా కనిపించింది. ఐదున్నరకి రమ్మంటే ఆరింటికి వచ్చేవాళ్ళు ఐదుకే వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. ఇద్దరు అన్నదమ్ములు ఫ్రీ త్రో దగ్గర వాదులాడుకుని రెండు రోజులు మాట్లాడుకోలేదు. వాళ్ళమ్మ నా మీద కేకలేసింది. నాకు లోపల సంతోషమే.

మా సంఘంలో ఒక రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ ఉన్నారు. అందరం టీచరమ్మ గారంటాం. మూడో వారం ఆవిడ కాగితం ముందు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు నిలబడి, “ప్రభువు దగ్గర అందరూ సమానమే గదా బాబూ, మరి గుడి గోడమీద ఈ ఒకటీ రెండూ మూడూ ఏమిటి?” అన్నారు. నేను సిద్ధంగానే ఉన్నాను. అపొస్తలుడు పౌలు కొరింథువాళ్ళకి రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయం విప్పాను. ఆ ఊరి పక్కనే రెండేళ్ళకొకసారి పెద్ద ఆటల పోటీలు జరిగేవి. గెలిచినవాడికి ఆకుల కిరీటం పెట్టేవారు. చదివేవాళ్ళకి తెలిసిన విషయమని పౌలు ఆ పందెం పోలికనే ఎత్తుకున్నాడు, పరుగులో అందరూ పరిగెత్తినా బహుమానం ఒక్కడిదేనని ఒప్పుకున్నాడు. పోటీయే పాపమైతే ఆయన ఆ పోలిక తెస్తాడా? ఆవిడ విని, “పౌలు ఓడినవాళ్ళ పేర్లు రాసి గోడకి అంటించాడా?” అని అడిగి వెళ్ళిపోయారు. ముసలావిడ చాదస్తం అనుకున్నాను.

ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. పన్నెండు మందిలో ఐదుగురు హిందూ పిల్లలు. ముగ్గురు ఒడియావాళ్ళు, ఇద్దరు మన తెలుగువాళ్ళు. మతస్వేచ్ఛ చట్టం 1967లోనే వచ్చిన రాష్ట్రం మనది. చర్చి ఆవరణలోకి పిల్లవాణ్ణి పంపే తండ్రి మనసులో ఏముంటుందో నాకు తెలుసు. ఒకాయన నన్ను బ్యాంకులో కౌంటరు పక్కకి పిలిచి మెల్లిగా అడిగారు కూడా. అందుకని ఆటకి ముందు ఒక నిమిషం మౌనం, ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవచ్చు అని నియమం పెట్టాను. ఆ ఐదుగురూ కోర్టులోకి అడుగుపెట్టే ముందు గీతని తాకి కళ్ళకద్దుకునేవారు. నెల తిరిగేసరికి మా క్రైస్తవ పిల్లలకి కూడా ఆ అలవాటు పట్టుకుంది. ఒక సంఘ పెద్ద దానికి అభ్యంతరం చెప్పారు. అది సున్నపు గీత అయ్యా, విగ్రహం కాదు అన్నాను.

ఒకరోజు మౌనం అయ్యాక ఒక కుర్రాడు, “సార్, గెలిపించమని మనం అడుగుతాం, అవతలివాళ్ళూ అడుగుతారు. దేవుడు ఎవరిది వింటాడు?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. “రిఫరీ విజిల్ వింటాడు, పద” అని నవ్వించి తప్పించుకున్నాను. ఆ ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నెయిస్మిత్ గారికి గెలుపు మీద పెద్ద ధ్యాస ఉండేది కాదు. కాన్సాస్‌లో ఆయన కోచ్‌గా ఉన్న కాలంలో 55 గెలిచి 60 ఓడారు. ఆ విశ్వవిద్యాలయం చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న కోచ్ ఆ ఆటను కనిపెట్టిన మనిషొక్కడే. తరవాత ఆయన పాస్టరుగా అభిషేకం కూడా పొందారు. అలాంటి ప్రశాంతత నాకు లేదు. నాకు ఓడిపోవడం ఇష్టం ఉండదు. ఆదివారం బల్ల దగ్గర రొట్టె పుచ్చుకుంటున్నప్పుడు కూడా ఒక్కోసారి నాకు ఛత్రపురం 52–19 గుర్తొచ్చేది.

ఇక ఆ కుర్రాడి సంగతి. పేరు రాయను. జట్టులో అందరూ వాణ్ణి గోపాల్‌పూర్ అనే పిలిచేవారు. ఒడియావాళ్ళు నోళియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారుల పిల్లవాడు. పదిహేనేళ్ళు. హైస్కూలు చదువుకోసం బరంపురంలో మేనమామ ఇంట్లో ఉండేవాడు. పొట్టి, పరుగు తక్కువ. ఫ్రీ త్రోలు ఇరవైకి ఆరు పడితే గొప్ప. ఎవరితో తలపడినా నవ్వుతూ ఓడిపోయేవాడు. తొమ్మిది వారాలూ వాడి వరుస సంఖ్య పన్నెండే. ఒక్క వారం కూడా పదకొండు కాలేదు. ఏడో వారం వాణ్ణి పక్కకి పిలిచి, “కాగితం చూస్తున్నావా? నీకు సిగ్గనిపించడం లేదా?” అని అడిగాను. పట్టుదల పుట్టించాలని అన్నమాటే. వాడు తలవంచుకుని, “సూస్తన్నాను సారూ” అన్నాడు.

పదో వారం వాడు రాలేదు. పదకొండో వారమూ రాలేదు. ఆదివారం బెంచీలో వాడు కూర్చునే చోటు కూడా ఖాళీ. మేనమామని అడిగితే, పరీక్షలు కూడా రాయకుండా ఊరెళ్ళిపోయాడని చెప్పాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గోపాల్‌పూర్ బస్సెక్కాను. లైట్‌హౌస్ దాటి ఇసకలో నడుచుకుంటూ వాళ్ళ పేటకి వెళ్ళాను. వాడు ఒడ్డున మోకాలిలోతు నీళ్ళలో నిలబడి విసురువల వేస్తున్నాడు. నన్ను చూడలేదు. వల అంచు ఒక కొస పంటికింద పట్టుకుని, నడుము ఒక్కసారి తిప్పి, చేతులు వదిలేశాడు. వల గుండ్రంగా విచ్చుకుని, చప్పుడు లేకుండా, తను అనుకున్నచోటే నీళ్ళమీద వాలింది. బలంగా విసిరినట్టే లేదు. నేను ఆ చేతుల్ని ఎక్కడో చూశాననిపించింది. ఒక్క నిమిషం పట్టింది గుర్తుకి రావడానికి. ప్రాక్టీసు ఆటల్లో ఎవరెవరో లే-అప్ వేసేవాళ్ళు, వాళ్ళ పేరు పక్కన నేను గీత గీసేవాణ్ణి. ఆ బంతి వాళ్ళ చేతిలోకి వచ్చింది సరిగ్గా ఇలాంటి విసురుతోనే.

వాళ్ళమ్మ బయటికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీ వేసింది. ఎవరో చెప్పగానే కొంగు సవరించుకుని దండం పెట్టి, “మావోడి పేరు గుడి గోడమీద రాసినారంట గదా బాబూ? వారం వారం రాసినారంట. నాకు సదువు రాదు. మంచి పేరే గదా?” అంది.

ఆ తల్లికి నేను ఏం చెప్పానో నాకు సరిగా గుర్తులేదు. మంచి పిల్లవాడమ్మా అని ఏదో గొణిగాను. ఆవిడ సంతోషించి రెండు ఎండుచేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది. వాడు వల భుజాన వేసుకుని దూరంగా నిలబడి ఇసక కేసి చూస్తున్నాడు. బస్సుదాకా సాగనంపడానికి వచ్చినప్పుడు మాత్రం అన్నాడు: “ఆడాలనే ఉంది సారూ. ఆ కాయితం కాడికి రావాలంటేనే కాళ్ళు రావు. ఆదివారం వచ్చినోలందరూ సెప్పులు ఇప్పతా సదువుతారు.” మళ్ళీ రమ్మన్నాను. కాగితం తీసేస్తానన్నాను. సరే అన్నాడు గాని రాలేదు.

ఆ రాత్రి తొమ్మిది కాగితాలూ బల్లమీద పరిచాను. కింద రాసిన ప్రాక్టీసు ఆటల ఫలితాలు, ఎవరెవరు ఏ జట్టులో ఉన్నారో ఆ వివరాలు నా దస్తూరీతోనే ఉన్నాయి. తొమ్మిది ఆటల్లో ఏడు, గోపాల్‌పూర్ ఉన్న జట్టే గెలిచింది. జట్టులో మొదటి స్థానంలో ఉన్నవాడి జట్టు నాలుగు గెలిచింది. ఈ లెక్క తొమ్మిది వారాలూ నా కళ్ళముందే ఉంది. నేను దాన్ని కూడలేదు, అంతే.

బి.కాం. మొదటి సంవత్సరంలో మాకు చెప్పిన మొదటి సూత్రం వాణిజ్యం చదివిన ప్రతివాడికీ కంఠతా వచ్చు: పుచ్చుకున్నవాణ్ణి డెబిట్ చెయ్యి, ఇచ్చినవాణ్ణి క్రెడిట్ చెయ్యి. నా కాగితంలో పుచ్చుకున్నవాడున్నాడు, ఇచ్చినవాడు లేడు. ఆడిటరు చూస్తే మొహాన కొట్టేవాడు. పాస్టరు గారితో ఈ మాట అంటే నవ్వి, “ఇవ్వడం గురించి బైబిల్లో కూడా ఉంది బ్రదర్, కాకపోతే డెబిట్టూ క్రెడిట్టూ అన్న మాటలు లేవు” అన్నారు. టీచరమ్మ గారితో చెప్పడానికి మాత్రం ఇంకో నెల పట్టింది. ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మళ్ళీ డీన్ స్మిత్ గారి దగ్గరికే వెళ్ళి, ఏరుకోకుండా వదిలేసిన సగం చదివాను. ఆయన జట్టులో ఒక ఆచారం ఉంది. బుట్టలో వేసినవాడు వెనక్కి పరిగెడుతూ, తనకు బంతి అందించినవాడి వైపు వేలు చూపించాలి. చప్పట్లన్నీ వేసినవాడికే వస్తాయి కాబట్టి, వాడే వాటిని దారి మళ్ళించాలి. ఆయన 2015లో చనిపోయాక, తన దగ్గర ఆడిన సుమారు 180 మందికి తలా 200 డాలర్ల చెక్కు అందింది. బయట ఒకపూట భోజనం చెయ్యమని వీలునామాలో రాసిపెట్టారట. పెద్ద ఆటగాడైనా, బెంచీమీద కూర్చున్నవాడైనా ఒకటే మొత్తం. బ్యాంకులో ఎన్నో వీలునామాలు చూశాను గాని ఇలాంటిది చూడలేదు.

కాగితం తీసెయ్యలేదు. పిల్లలు ఒప్పుకోలేదు. వాళ్ళకి ఆ రుచి తగిలింది. నోటీసు బోర్డు మీంచి తీసి మాత్రం, బంతులు పెట్టుకునే గదిలో తలుపు వెనక అంటించాను. ఆదివారం వచ్చేవాళ్ళకి కనబడదు. వరుస సంఖ్యలు తీసేశాను. ఐదో గడి పెట్టాను: అందించినవి. పెట్టిన రెండు వారాలకే ఇద్దరు దొంగలు బయలుదేరారు. ఒకడికొకడు ఊరికే బంతి ఇచ్చుకుంటూ చెరో ముప్ఫై రాయించుకున్నారు. దీన్ని బ్యాంకులో కైట్ ఫ్లయింగ్ అంటాం. రెండు ఖాతాలవాళ్ళు ఒకరి చెక్కు ఒకరు వేసుకుంటూ లేని డబ్బుని ఉన్నట్టు చూపించడం. అందుకని బుట్టలో పడ్డ బంతికి మాత్రమే, అందించినవాడి ఖాతాలో రాయాలని సవరించాను. వేలు చూపించకపోతే వేసినవాడి ఖాతాలో కూడా రాయను. ఇది అన్యాయమని ఒకడు వారంరోజులు అలిగాడు. అలగనిచ్చాను.

2018లో మళ్ళీ ఛత్రపురం వెళ్ళాం. రెండు గెలిచి సెమీఫైనల్లో రెండు పాయింట్ల తేడాతో ఓడాం. ఈసారి బస్సులో పాటల్లేవు. పకోడీలు చల్లారిపోయాయి. ఒకడు కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. పక్కవాడు వాడి భుజంమీద చెయ్యి వేసి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. నేను కూడా ఏమీ మాట్లాడలేదు. రెండేళ్ళ కిందట నేను చూడాలనుకున్న బాధ ఇదే, చూశాక నాకు పెద్ద సంతోషం కలగలేదు.

గోపాల్‌పూర్ 2019లో సూరత్ వెళ్ళాడని మేనమామ చెప్పాడు. మన గంజాం కుర్రాళ్ళు లక్షల్లో వెళ్ళే పవర్‌లూమ్ పనికే. 2020 మే నెలలో శ్రామిక్ రైళ్ళు సూరత్ నుంచి మన జిల్లాకి వచ్చినప్పుడు వాడూ దిగాడు. ఊరి బయట స్కూలు భవనంలో అందరితోపాటు వాణ్ణీ విడిగా ఉంచారు. బ్యాంకులు మూతపడలేదు కాబట్టి నాకు తిరగడానికి పాసు ఉండేది. ఒక సాయంత్రం వెళ్ళి గేటు బయట నిలబడ్డాను. వాడు వరండా మెట్లమీద కూర్చుని ఉన్నాడు. మీసం వచ్చింది. మాస్కు పైన కళ్ళు మాత్రం అవే.

“బాగున్నావా?”

“బాగున్నాను సారూ. మీరు బేగి ఎల్లిపొండి, ఇక్కడుండకూడదు” అన్నాడు. కాసేపు ఊరుకుని, “ఆ కాయితం ఇంకా అంటిస్తన్నారా?” అని అడిగాడు.

“అంటిస్తున్నాను. ఇప్పుడు ఐదు గడులు.”

“ఐదోది ఏటి?”

చెప్పాను. అందించినవాడికి కూడా లెక్క ఉందని, దానికి వాడే కారణమని. వాడు నవ్వాడో లేదో మాస్కు వల్ల తెలియలేదు.

“మరి నాయి ఎన్నుంటాయి సారూ?”

చూసి చెబుతానన్నాను. ఇంటికి వచ్చి పాత కాగితాల కట్ట విప్పి, ఒక్కొక్కటే దీపం దగ్గర పెట్టి చూశాను. పరుగు ఉంది, ఫ్రీ త్రోలు ఉన్నాయి, రిబౌండ్లు ఉన్నాయి. తొమ్మిది శనివారాల్లో వాడు ఎవరికి ఎన్ని బంతులు అందించాడో ఎక్కడా రాసి లేదు.